టూర్నోన్ మేత్రాణులు - పుదుచ్చేరిలో ఎనిమిది నెలలు



మన పితరులకు సువార్త అందించిన వేదబోధకులను ఈ ఉత్సవాలలో పదే పదే స్మరించుకుంటున్నాము. నేడు మేము ప్రస్తావించదలచినది ఒక బోధకుని గురించి కాదు, ఒక రాయబారిని గురించి. ఆయన తెలుగుదేశంలో పనిచేసినవారు కారు. అయినా ఆయన ఆజ్ఞ పుంగనూరు వైపు వచ్చిన కర్ణాటక మిషన్ గురువులను కూడా కట్టడి చేసింది.

షార్ల్ తోమా మయ్యార్ ద టూర్నోన్ 1668లో టూరిన్ నగరంలో జన్మించారు. 1701లో పదకొండవ క్లెమెంట్ పోపుగారు ఆయనను ఇండియా, చైనాలకు తమ ప్రతినిధిగా నియమించి, అంతియోకియ పాట్రియార్కు అనే గౌరవపదవి నొసగి, స్వయంగా అభిషేకించారు.

అప్పటికే తగవు ముదిరియున్నది. 1606లో మధురకు వచ్చిన రాబర్ట్ ద నోబిలి గురువులు మొదలుకొని యేసుసభవారు, విగ్రహారాధన కాని దేశాచారాలను క్రైస్తవులకు ఉండనిచ్చారు. జందెము, చందనము వంటివాటికి 1623లో పదిహేనవ గ్రెగొరీ పోపుగారు షరతులతో అనుమతి కూడా ఇచ్చారు. పుదుచ్చేరిలోని కపుచిన్ గురువులకు ఇది సమ్మతం కాలేదు.

టూర్నోన్‌గారు 1703 నవంబరు 6న పుదుచ్చేరిలో దిగారు. ఆరోగ్యం సరిగా లేదు. లోపలి గ్రామాలకు వెళ్ళనేలేదు. బుషే గురువులు మొదలైనవారిని పిలిపించి అడిగి తెలుసుకొని, 1704 జూన్ 23 తేదీతో ఆజ్ఞ వ్రాయించి, జూలైలో ఓడ ఎక్కారు. జ్ఞానస్నానంలో ఉమ్మి తాకించే క్రియను మానరాదన్నారు. ఎంగిలి అంటే మన జనానికి ఎంత రోతో ఒక్క పల్లెలో ఒక్కపూట ఉన్నా ఆయనకు తెలిసేది! వినాయకుని బొమ్మగల తాళి కూడదన్నారు. బాల్యవివాహాలను నిషేధించారు. విభూదిని నిషేధించారు.

అయితే ఆయనది తొందరపాటని కొట్టివేయుటకు మాకు మనసొప్పదు. ఆ రోజుల్లో పరయ కులస్థుడు చావుబ్రతుకుల్లో ఉన్నా గురువు అతని గుడిసెకు వెళ్ళేవాడు కాదు. రోగినే మోసుకొని రావలసి యుండెను. గడప తొక్కితే అగ్రవర్ణాలవారు దూరమవుతారని భయం. ఇది పనికిరాదు, ఇంటికే వెళ్ళి సంస్కారాలు ఇవ్వవలెనని ఆ ఆజ్ఞలోనే ఉన్నది. మన సంఘాలలో అధికులు ఏ గూడెముల నుండి వచ్చినారో ఎరిగిన మనము ఈ మాటను తేలికగా దాటిపోలేము. ఎంగిలి సంగతి తెలియని ఆ పరదేశికి ఈ అన్యాయం కనబడింది. దేశాన్ని బాగా ఎరిగినవారు దానికి అలవాటు పడిపోయారు. 1744లో పదునాలుగవ బెనెడిక్టు పోపుగారు ఈ విషయమై కచ్చితంగా నిలిచినప్పుడు, పరయలకు వేరుగా గురువులను నియమిస్తామని యేసుసభవారు సమాధానపడ్డారు. అది సగం న్యాయమే.

చైనాలోనూ ఇదే తీరు. 1705 డిసెంబరు 31న కాంగ్‌షీ చక్రవర్తి ఆయనకు దర్శనమిచ్చారు. పితృదేవతల పూజ, కన్‌ఫ్యూషియస్ పూజ విషయంలో మాట కుదరలేదు. 1707లో నాన్‌జింగ్ నుండి ఆ ఆచారాలను నిషేధిస్తూ టూర్నోన్‌గారు ఆజ్ఞ ఇవ్వగానే, చక్రవర్తి ఆయనను మకావుకు పంపించారు. అక్కడి పోర్చుగీసువారు, తమ రాజు అనుమతి లేకుండా వచ్చినాడని, ఆయనను కావలిలో పెట్టారు. 1707లోనే రోము ఆయనను కార్డినల్ చేసింది. కార్డినల్ టోపీ మకావు చేరేసరికి 1710 వచ్చింది. ఆ జూన్ 8న నిర్బంధంలోనే మరణించారు. వయస్సు 41.

ఆయన భౌతికకాయాన్ని మెజ్జబార్బాగారు రోముకు తీసుకొనిపోగా 1723లో అక్కడ సమాధి చేశారు. ఈ ఆచారాల విషయమై వేదబోధకులచేత చేయిస్తూ వచ్చిన ప్రమాణాన్ని రోము చైనాకు 1939లోను, మన దేశానికి 1940లోను తీసివేసింది.