రెండు ఖండాల ఊరు – రెండు భాషల మనం

(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరయినవాణ్ణి. ఉపన్యాసాలు ఇచ్చే అలవాటు లేదు. నేను, మా ఇంటావిడ జర్మనీలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళి, తిరుగు ప్రయాణంలో నాలుగు రోజులు టర్కీ దేశపు ఇస్తాంబుల్ నగరంలో ఆగాము. ఆ ఊరి గురించి పిల్లలకు కొంచెం చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. చూసిన వింతలన్నీ వల్లించను. ఎలవూరు పిల్లలకు ఆ ఊరు ఎందుకు తెలియాలో అంతవరకే చెబుతాను.

ఇస్తాంబుల్ రెండు ఖండాల మీద ఉన్న నగరం. నడుమ బాస్ఫరస్ అనే జలసంధి పారుతుంది. పొడవు సుమారు 30 కిలోమీటర్లు, బాగా ఇరుకైన చోట వెడల్పు సుమారు 700 మీటర్లు. పడమటి ఒడ్డు యూరప్, తూర్పు ఒడ్డు ఆసియా. కోటిన్నర దాటిన జనాభాలో దాదాపు మూడింట రెండు వంతుల మంది యూరప్ వైపు, మిగిలినవారు ఆసియా వైపు ఉంటారు. ఇల్లు ఒక ఖండంలో, ఉద్యోగం ఇంకో ఖండంలో ఉన్నవాళ్ళు అక్కడ మామూలే. మనవాళ్ళు పొద్దున్నే లోకల్ పట్టుకుని చెన్నై సెంట్రల్‌కు పోయినట్లు, వాళ్ళు స్టీమరెక్కి పనికి పోతారు. మేము యూరప్ వైపు ఎమినోను రేవులో ఎక్కి, ఇరవై నిమిషాల్లో ఆసియా వైపు కాడికోయ్‌లో దిగాము. చిన్న గాజు గ్లాసులో టీ తాగి ముగించేలోగా ఖండం మారింది. మేము తప్ప ఎవరూ తలెత్తి చూడలేదు.

అంత పెద్ద నగరం అక్కడే ఎందుకు వెలిసింది? నల్ల సముద్రం నుంచి మధ్యధరా సముద్రానికి పోయే ఓడలకు ఆ ఇరుకు దారి ఒక్కటే. ఆసియా నుంచి యూరప్‌కు పోయే ఒక భూమార్గం కూడా అక్కడే దాటుతుంది. దాటేవాళ్ళు ఉన్నచోట సరుకు దిగుతుంది, సుంకం వసూలవుతుంది, లెక్క రాసేవాడికీ మాట తర్జుమా చేసేవాడికీ పని దొరుకుతుంది. 330లో రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ దాన్ని రాజధాని చేసుకున్నాడు. 1453లో ఒట్టోమన్ సుల్తాను రెండవ మెహ్మెద్ గెలిచాడు. 1923లో టర్కీ రాజధాని అంకారాకు మారింది. రాజధాని పోయినా ఊరు తగ్గలేదు, పెరిగింది. 1973లో మొదటి వంతెన, 1988లో రెండోది, 2016లో మూడోది కట్టారు. 2013లో సముద్రం అడుగున రైలు కూడా వేశారు. ఆ రైలు పనుల్లో యెనికపి దగ్గర తవ్వుతుంటే పాత రేవు, 37 ప్రాచీన ఓడల శిథిలాలు బయటపడ్డాయి. వాటిని జాగ్రత్తగా తీయడానికి పని ఏళ్ళ తరబడి ఆలస్యమైంది.

బ్యాంకు ఉద్యోగిని కనుక గలాటాలోని బ్యాంకుల వీధి చూడకుండా రాలేకపోయాను. అక్కడి పాత ఒట్టోమన్ బ్యాంకు భవనం 1892 నాటిది. ఇప్పుడు అందులో గ్రంథాలయం, ప్రదర్శనశాల ఉన్నాయి. వీధివైపు గోడ అచ్చంగా యూరప్ పద్ధతిలో ఉంటుంది. పాత నగరంవైపు తిరిగిన వెనక గోడ తూర్పు దేశాల పద్ధతిలో ఉంటుంది. కట్టడం ఒక్కటే, లెక్కలూ ఒక్కటే. ఏ వైపు ఖాతాదారుకు ఆ వైపు ముఖం. బ్యాంకు నడిపేవాడికి ఈ తెలివి అవసరమే అనుకున్నాను.

ఆ ఊరికీ తెలుగునేలకూ చుట్టరికం కూడా ఉంది. ఒట్టోమన్ రాజవంశపు ఆడపడుచు నిలోఫర్ 1916లో ఇస్తాంబుల్‌లో పుట్టారు. 1924లో ఆ వంశం వారందరినీ దేశం నుంచి పంపివేశారు. 1931లో ఆమె నిజాం రెండవ కుమారుణ్ణి పెళ్ళాడి హైదరాబాదు వచ్చారు. తన పరిచారిక కాన్పులో చనిపోతే, ఇంకొక తల్లికి అలా జరగకూడదని ఆసుపత్రి కోసం పట్టుబట్టారు. 1953లో మొదలైన నిలోఫర్ ఆసుపత్రి ఆమె పేరుతోనే నేటికీ తల్లీపిల్లలకు వైద్యం చేస్తోంది. పుట్టిన ఒడ్డు దూరమైనా, చేరిన ఒడ్డుకు ఆమె పనికివచ్చారు.

ఇక అసలు సంగతికి వస్తాను. 1928 నవంబరులో టర్కీ ప్రభుత్వం లిపి మార్చింది. అంతవరకు అరబిక్ అక్షరాల్లో రాసిన భాషను లాటిన్ అక్షరాల్లో రాయమన్నారు. దానివల్ల చదువు త్వరగా వ్యాపించింది, నిజమే. కానీ సులేమానియే మసీదు పక్క సమాధుల దగ్గర మాకు ఊరు చూపిస్తున్న కుర్రవాణ్ణి, ఆ రాతి మీద ఏముందని అడిగాను. "మా తాతలవాళ్ళ రాత సార్, మాకు చదవడం రాదు" అన్నాడు. కాలేజీ చదివినవాడే. రాసింది అతని భాషే.

అది వింటే నాకు బ్యాంకులో జరిగినది గుర్తొచ్చింది. తిరుత్తణి ప్రాంతం 1960 ఏప్రిల్ 1 దాకా ఆంధ్రప్రదేశ్‌లో ఉండేది కదా. ఆ వైపు నుంచి ఒక పెద్దాయన భూమి మీద అప్పు కోసం తండ్రి నాటి దస్తావేజు తెచ్చారు. ఆయనకు చూపు ఆనదు. వెంట వచ్చిన మనుమడు ఇంజనీరింగ్ విద్యార్థి, ఇంట్లో చక్కని తెలుగు మాట్లాడేవాడు, కానీ ఒక్క అక్షరం చదవలేకపోయాడు. నేను చదివి వినిపించాను. పక్క పొలం బావిలో సగం భాగం వారిదేనని అందులో స్పష్టంగా ఉంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. కాగితం మాత్రం దశాబ్దాలుగా ఆ ఇంటి పెట్టెలోనే ఉంది.

తల్లిదండ్రులారా, మన బడుల్లో 2006 నాటి చట్టం తర్వాత తమిళం తప్పనిసరి పాఠమైంది. పిల్లలు దాన్ని బాగా నేర్వాలి. అది మనకు అన్నం పెట్టే నేల భాష. తెలుగు అక్షరం నేర్పే పూచీ ఎక్కువగా ఇంటి మీదే పడింది. ఎలవూరు చెక్‌పోస్టు దాటి కాస్త పోతే తడ, ఆ పక్కనే శ్రీసిటీ ఫ్యాక్టరీలు. ఇటు గుమ్మిడిపూండి సిప్‌కాట్. రెండు వైపులా ఉద్యోగాలున్నాయి. రెండు భాషలూ రాసి, చదివి, మాట్లాడగల పిల్లవాడికి రెండు వైపులా తలుపు తెరిచి ఉంటుంది. సరిహద్దులో ఉన్నామని చిన్నబోయే పని లేదు. ఇస్తాంబుల్ బతుకంతా సరిహద్దు మీదే నడిచింది.

పిల్లలారా, వంద రూపాయల నోటు వెనక్కి తిప్పి చూడండి. పదిహేను భాషల్లో విలువ రాసి ఉంటుంది. తమిళం వరుస కిందనే తెలుగు వరుస ఉంటుంది. ఎన్ని వేల నోట్లు లెక్కపెట్టానో, ఆ రెండు వరుసలూ ఎప్పుడూ పక్కపక్కనే ఉన్నాయి.

ఈ వేసవి సెలవుల్లో రోజుకు అరగంట కేటాయించండి. 56 అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు రెండు నెలల్లో వస్తాయి. తరువాత ఇంట్లో పెట్టె తెరిపించి, తాతగారి ఉత్తరమో, దస్తావేజో, పెళ్ళి శుభలేఖో అడిగి తీసుకుని గట్టిగా చదివి అవ్వకు వినిపించండి. అర్థం కాని మాట ఉంటే ఆమెనే అడగండి. వచ్చే ఏడాది ఈ సభలో, ఏం చదివావని నేను అడుగుతాను.