విద్యాలయ ప్రాంగణము - ప్రకృతి పోషణము

కొంతకాలము క్రిందట ఒక కళాశాలలో జరిగిన సభను ధ్వనిముద్రణము చేయుటకై మేము వెళ్ళితిమి. నాటి ప్రసంగ విషయము జలసంరక్షణము. వక్త విషయమును చక్కగా ఎరిగినవారు. విద్యార్థులు శ్రద్ధగా వినిరి. తుదకు కరతాళధ్వనులు మారుమ్రోగినవి. కార్యక్రమము బాగుగా వచ్చినదను తృప్తితో కేంద్రమునకు తిరిగివచ్చి, ప్రసారమునకు ముందు ఆ ముద్రణమును మరల వినుచుండగా, వక్త కంఠము వెనుక మరియొక ధ్వని మా చెవిని పడినది. అది ఎత్తునుండి నీరు జారిపడుచున్న చప్పుడు. వక్త ఊపిరి తీసికొనుటకు ఆగినప్పుడెల్ల అది స్పష్టముగా వినిపించుచుండెను. సభాభవనము మీది నీటితొట్టి నిండి, ప్రసంగము మొదటినుండి తుదివరకు పొర్లుచునే ఉన్నదన్నమాట!

అంతమందిమి అక్కడ ఉండియు ఆ చప్పుడును ఒక్కరమును వినలేదు. చప్పుళ్ళను వినుటయే వృత్తిగా గల మేము కూడ వినలేదు. కనుక ఈ సంగతిని ఒకరిని ఎత్తిపొడుచుటకు చెప్పుట లేదు. తెలిసిన విషయమునకును, చేయుచున్న పనికిని నడుమ ఎంత దూరము ఉండగలదో ఆ ముద్రణము మాకు వినిపించినది. నేటి మా ప్రసంగము ఆ దూరమును గూర్చియే.

విద్యాలయము ప్రకృతితో కలిసి బ్రతుకవలెనను తలంపు మనకు క్రొత్త కాదు. రవీంద్రనాథ ఠాకూరు 1928 లో శాంతినికేతనమున వృక్షారోపణోత్సవమును ప్రారంభించిరి. 1950 లో కేంద్రమంత్రిగా ఉన్న కె. ఎం. మున్షీ వనమహోత్సవమును దేశమంతటికిని పండుగగా చేసిరి. 1990 లో ఫ్రాన్సు దేశములోని తాల్వార్ పట్టణమున పలుదేశముల విశ్వవిద్యాలయాధిపతులు సమావేశమై, పర్యావరణ రక్షణమును విద్యాలయములు తమ బాధ్యతగా స్వీకరించవలెనని ప్రకటించిరి. మన సుప్రీంకోర్టు 1991 నవంబరులో ఎం. సి. మెహతా వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, పర్యావరణము విద్యాలయములలో తప్పనిసరి పాఠ్యాంశము కావలెనని ఆదేశించినది. 2003 లో ఆ మాటనే మరల నొక్కి చెప్పగా, కళాశాలలలో ఆరునెలల పాఠ్యక్రమము అమలులోనికి వచ్చినది.

కనుక పాఠమున్నది, పుస్తకమున్నది, పరీక్షయు ఉన్నది. అయినను, వాయుకాలుష్యమునకు గల కారణములను వ్రాయుమను ప్రశ్నకు విద్యార్థి సమాధానము వ్రాయుచుండగా, ఆవరణలో ఊడ్చి తగులబెట్టిన ఎండుటాకుల పొగ అదే గదిలోనికి కిటికీగుండా వచ్చుచుండుట అరుదైన దృశ్యము కాదు. విద్యార్థి ఈ రెండు పాఠములలో దేనిని జ్ఞాపకముంచుకొనును? పుస్తకములోని పాఠము పరీక్షతో ముగియును. ఆవరణ చెప్పు పాఠము మాత్రము మూడేండ్లపాటు ప్రతిదినమును సాగును.

కళాశాల యనగా ఒక చిన్న ఊరు. అచట వానలు కురియును, ఆకులు రాలును, దీపములు వెలుగును, వంటలు జరుగును. ఒక్కొక్కదానినే లెక్క వేసి చూతము.

మొదట నీరు. చదరపు మీటరు మేర ఒక మిల్లీమీటరు వాన కురిసినచో అది ఒక లీటరు నీరు. హైదరాబాదు ప్రాంతమున ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురియును. వేయి చదరపు మీటర్ల డాబాపై పడు నీరు ఈ లెక్కన 8 లక్షల లీటర్లు. ఆవిరియై పోవునది, చిందిపోవునది తీసివేసి ముప్పాతిక వంతే దక్కినదనుకొన్నను 6 లక్షల లీటర్లు. తొలివానకు దుమ్ము, పక్షిరెట్టలు కొట్టుకొనివచ్చును గనుక ఆ నీటిని విడిచివేసి, తరువాతి నీటిని గులకరాళ్ళు, ఇసుక నింపిన గుంతగుండా వడకట్టి, పాడుపడిన బావిలోనికో, ఇంకుడుగుంతలోనికో పంపవచ్చును. తెలంగాణ, రాయలసీమలలోని చాల భాగము గట్టిరాతి నేల. అచట నీరు పైనున్న మెత్తని పొరలోను, రాతి పగుళ్ళలోను మాత్రమే నిలుచును. ఆ నిలువ స్వల్పము గనుకనే వానకాలమున నింపుకొననివారి బోర్లు వేసవిలో ఎండిపోవుచున్నవి. 2002 లో వచ్చిన 'వాల్టా' చట్టము నీటిని, నేలను, చెట్టును ఒక్కచోట చేర్చి చెప్పుట ఇందులకే.

ఇక ఆకులు. వేప, గానుగ, నిద్రగన్నేరు చెట్లు ఉన్న ఆవరణలో ఫాల్గుణ చైత్రములు వచ్చినచో గుట్టలుగా ఆకు రాలును. దానిని తగులబెట్టిన పొగ మిగులును. గోతిలో వేసిన ఎరువు మిగులును. ఎండుటాకుతో వసతిగృహపు కూరగాయల తుక్కును, కొంచెము పేడనీటిని కలిపి, తడి ఆరనీయక, అప్పుడప్పుడు తిరుగవేసినచో కొన్ని మాసములలో నల్లని ఎరువు సిద్ధమగును. ఇది మన రైతు ఇంటి పెంటకుప్పలో తరతరములుగా జరుగుచున్న పనియే. రైతుబిడ్డలు చదువు కళాశాలలలో దీనిని క్రొత్త శాస్త్రమువలె చెప్పవలసి వచ్చుట కొంత చిత్రమే.

విద్యుత్తు సంగతి చూతము. పాతరకపు పంకా ఒకటి సుమారు 75 వాట్లను వాడుకొనును. ఇప్పటి బి. ఎల్. డి. సి. పంకాకు 35 వాట్లు చాలును. 5 వందల పంకాలు రోజుకు 10 గంటలు తిరుగు కళాశాలలో, ఈ మార్పువలన దినమునకు 2 వందల యూనిట్లు మిగులును. అంతకంటె సులభమైన ఉపాయము, ఎవరును లేని గదిలో తిరుగుచున్న పంకాను ఆపుట. దానికి మూలధనము అక్కరలేదు. చివర బయటికి వచ్చు వ్యక్తి వెనుదిరిగి చూచిన చాలును.

వసతిగృహముల భోజనశాలలకు మా సూచన ఒక్కటే. పారవేసిన అన్నమును ప్రతిదినము తూచి, ఆ బరువును ద్వారమువద్ద నల్లబల్లమీద వ్రాయుడు. ఎవరిని దూషింపనక్కరలేదు, ఉపన్యాసము చేయనక్కరలేదు. కిలో బియ్యము పండుటకు వేల లీటర్ల నీరు పట్టునని ఎరిగిన విద్యార్థి ఆ అంకెను చూచి, మరునాడు కావలసినంతయే వడ్డించుకొనును.

చెట్ల విషయమున మరియొక మాట. మొక్కలు నాటిన దినమున చిత్రములు తీయుట పరిపాటి. నాటినవి ఎన్ని అని కాక, రెండవ వేసవిని దాటి బ్రతికినవి ఎన్ని అని లెక్కింపవలెను. అంతకుముందే ఉన్నవేవో ఎరుగవలెను. హైదరాబాదు విశ్వవిద్యాలయము 1974 లో ఏర్పడినది. దానిని ఆనుకొనియున్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరముల భూమి ఎవరిదను వివాదము ఏండ్ల తరబడి న్యాయస్థానములలో నడచి, 2024 లో రాష్ట్రప్రభుత్వ పక్షమున తీర్పు వచ్చినది. 2025 మార్చి నెలాఖరున యంత్రములు ప్రవేశించి చెట్లను తొలగింపసాగగా విద్యార్థులు ఆందోళన సాగించిరి. ఏప్రిల్ 3 న సుప్రీంకోర్టు తానుగా కలుగజేసికొని నరికివేతను ఆపుమని ఆదేశించినది. హక్కుల విచారణ న్యాయస్థానములది. మేము గమనించినది ఒక్కటే: ఆ విద్యార్థులు "అడవి" అని ఊరకొనలేదు; అచటి జింకలను, నెమళ్ళను, నక్షత్ర తాబేళ్ళను పేరుపేరున చెప్పగలిగిరి. పేరు తెలియనిదానికొరకు ఎవరును నిలువబడరు. ప్రతి కళాశాలయు తన ఆవరణలోని చెట్లకు, పక్షులకు ఒక పట్టీ వ్రాసికొని, ఏటేట విద్యార్థులచేత సరిచూపించిన, అది గ్రంథాలయములోని ఏ పుస్తకమునకును తీసిపోదు.

మొదట చెప్పిన కథను పూర్తిచేయవలసి ఉన్నది. ఆ ముద్రణమును తీసికొని మేము మరల ఆ కళాశాలకు వెళ్ళితిమి. ప్రిన్సిపాలుగారి అనుమతితో, ఆ కొద్ది నిమిషములను విద్యార్థులకు వినిపించితిమి. ముందు నవ్విరి. పిమ్మట నిశ్శబ్దమైరి. ఒక విద్యార్థిని లేచి, "మోటారు కట్టేయవలసింది ఎవరండీ?" అని అడిగినది. ఆ ప్రశ్నకు అచట ఎవరివద్దను జవాబు లేదు. విచారింపగా, ఆ పని గేటువద్ద కాపలా ఉండు ముసలాయనకు అప్పగింపబడియున్నదని తేలినది. ఆయన మాతో, "అయ్యా, నేను గేటు కాడ ఉంటాను. తొట్టి ఆ చివరన ఉంది. అది నిండిన సంగతి నాకెట్లా తెలుస్తుంది?" అనెను. ఆయన మాటలో తప్పేమియు లేదు.

లోపము ఎవరి దుర్బుద్ధివలనను కలుగలేదు. అందరిదైన పని ఎవరిదియు కాకపోయినది, అంతే. విద్యార్థులు చందాలు వేసికొని, తొట్టి నిండగానే మోటారు దానంతటదే ఆగు మీటను అమర్పించిరి. భౌతికశాస్త్ర విభాగము వారు దానిని నెలకొకసారి పరీక్షించుటకు ఒప్పుకొనిరి. ఆ పనికి ఒక పేరు, ఒక తేదీ ఏర్పడినవి. మా దృష్టిలో ఆ మీటకంటె ముఖ్యమైనది ఈ ఏర్పాటే. యంత్రము చెడిపోవచ్చును, దానిని చూచువారు ఉన్నంతకాలము బాగుపడును.

మరియొకమారు అచట ధ్వనిముద్రణము చేసినప్పుడు, మేము ముందుగా మైకును పెట్టి ఒక నిమిషము ఊరక వింటిమి. నీటి చప్పుడు లేదు.

శ్రోతలలో పలువురి బిడ్డలు కళాశాలలలో చదువుచున్నారు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మార్కులతోపాటు, "మీ కళాశాలలో రాలిన ఆకును ఏమి చేయుదురు? మిగిలిన అన్నము ఎచటికి పోవును?" అనియు అడుగుడు. వారు తెలియదనిన, తెలిసికొని రమ్మనుడు. అంతకుముందు, ఈ ప్రసంగము ముగియగానే మీ రేడియోను ఒక్క నిమిషము కట్టివేసి, మీ ఇంటిలో ఏ చప్పుడు వినవచ్చుచున్నదో వినుడు. సెకనుకు ఒక చుక్క చొప్పున కారు కుళాయి, 20 చుక్కలను ఒక మిల్లీలీటరుగా లెక్కించినను, రోజుకు 4 లీటర్లకు పైగా నీటిని పోగొట్టును.

మేము వినుటకు ఆలస్యము చేసితిమి. మీరు ఆలస్యము చేయకుందురుగాక.