సూది తేదీ తప్పనివ్వద్దు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో బీడీలు చేసే అవ్వలకు నడుంనొప్పి కొత్తేం కాదు. అందుకే వెన్నుపూస విరిగినా "కూసోని కూసోని పట్టింది" అని ఊరుకుంటారు.

ఎముకలు గుల్లబారితే ఇచ్చే మందుల్లో డెనోసుమాబ్ ఒకటి. ఆరునెలలకో సూది. బాగానే ఉంది కదా అని మానేశారో, అసలు చిక్కు అప్పుడే: మందు బలం దిగగానే ఎముక వేగంగా కరుగుతుంది, రెండుమూడు పూసలు ఒకేసారి విరగవచ్చు. ఏడో నెల దాటనివ్వద్దు. ఆపాల్సివస్తే బదులుగా మరో మందు డాక్టరే రాయాలి.

ఇదే జబ్బుకు ఇచ్చే జోలెడ్రోనిక్ ఆమ్లం సాధారణంగా ఏడాదికోసారి, సెలైన్‌లా ఎక్కిస్తారు. టెరిపారటైడ్ రోజూ పొడుచుకోవాలి; పెన్ను ఫ్రిజ్‌లో ఉండాలి, గడ్డకట్టకూడదు.

కొడుకు దుబాయిలో ఉన్నాడా? తేదీ అతని ఫోన్‌లోనూ పెట్టించండి, ఫోన్ ఎలాగూ చేస్తాడు! సంక్రాంతికి డెనోసుమాబ్ వేయించుకుంటే మళ్లీ జూలై నడుమ, బోనాల రోజుల్లో. పన్ను పీకించుకునే ముందు ఈ సూది సంగతి దంతవైద్యుడికి చెప్పండి.