నిర్ణయమునకు ముందు నాలుగు మాటలు



శ్రీ నీలమణి దుర్గ అమ్మవారి అనుగ్రహమున, మహేంద్రతనయ ప్రవహించు ఈ పాతపట్నమున మనమందరము నేడిట్లు కూడుట మన పుణ్యఫలము. మనలో రైతులు, వర్తకులు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు గలరు. ఎవరి పని వారిదైనను, దినదినము ఏదో ఒక నిర్ణయము చేయక తప్పనివారమే. ఆ నిర్ణయము చేయు విధమును వాల్మీకి మహర్షి యుద్ధకాండమున విభీషణ శరణాగతి ఘట్టమునందు చూపియున్నాడు.

విభీషణుడు నలుగురు అనుచరులతో సముద్రపు ఉత్తర తీరమునకు వచ్చి శరణు వేడెను. వచ్చినవాడు శత్రువు తమ్ముడు. వధింపవలెనని సుగ్రీవుడు పలికెను. శ్రీరాముడు వెంటనే అవునని గాని కాదని గాని అనక, తక్కినవారి అభిప్రాయము అడిగెను. గుణదోషములు తూచవలెనని అంగదుడు, చారుని నియమింపవలెనని శరభుడు, కాని చోటికి కాని వేళ వచ్చినాడు గనుక శంకింపవలెనని జాంబవంతుడు, మెల్లగా ప్రశ్నింపవలెనని మైందుడు చెప్పిరి. హనుమంతుడు ఆ ఉపాయములను పరిశీలించి, ఎదుట నిలిచినవానిపై చారుని పంపుట పొసగదనియు, బుద్ధిమంతుని హఠాత్తుగా ప్రశ్నించినచో అతడును మనలను శంకించుననియు, అతని మాటలో, ముఖములో కపటము కానరాలేదనియు విన్నవించెను.

అందరి మాట విన్న పిదప రాముడు తన వ్రతమును తలచెను. శరణన్నవానికి అభయమిచ్చుట ఆయన ధర్మము. సుగ్రీవుడు మరల అడ్డు చెప్పగా కోపింపక సమాధానపరచి, విభీషణుని తోడ్కొని రమ్మని ఆ సుగ్రీవునికే చెప్పెను. తరువాత నికుంభిలలో ఇంద్రజిత్తు చేయు హోమపు మర్మమును తెలిపినది ఈ విభీషణుడే. హితము చెప్పిన ఆ తమ్మునే రావణుడు అవమానించి పోగొట్టుకొనెను.

ఇందుండి మనము నేర్వవలసిన అలవాట్లు నాలుగు. మొదటిది, పెద్దస్థానమున ఉన్నవాడు తన అభిప్రాయము ముందుగా బయటపెట్టక, అందరిని అడుగుట. యజమాని మాట ముందు వచ్చినచో క్రిందివారు తలయూపుటయే గాని నిజము చెప్పరు. రెండవది, చెప్పిన ఉపాయము ఆచరణకు వచ్చునా అని హనుమంతునివలె పరీక్షించుట. మూడవది, లాభనష్టములు చూచిన పిదప తన ధర్మమును తలచి తేల్చుట. నాల్గవది, కాదన్నవానిని దూరము చేయక, అతని చేతనే పని నడిపించుట.

మేము ఈ మాట గ్రంథము చూచి మాత్రమే చెప్పుట లేదు. పూర్వము మేము ఉద్యోగము చేయు దినములలో నగదు లెక్కలో తేడా వచ్చెను. ఎవరిని అడుగక, కోపముతో ఒక చిన్న ఉద్యోగిని పదిమందిలో నిందించితిమి. మరునాడు ఆ రసీదు మా సొరుగులోనే దొరికెను. క్షమింపుమని వేడుకొంటిమి. ఆయన "పరవాలేదు బాబూ" అనెను. కాని ఆ తరువాత లెక్కలో తప్పు కనబడినను మాతో చెప్పుట మానుకొనెను. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొన్న ఫలమేమి?

కావున ఇతరుల పరువు, జీవనము మన మాటపై ఆధారపడినపుడు ఒక రాత్రి ఆగుదము. సమస్యను కాగితముపై ఒక్క వాక్యమున వ్రాసికొందము. మనకు ఇష్టము లేని మాట చెప్పగల ఒక్కనినైనను పిలిచి విందము.

అట్టి ఓర్పును, వివేకమును అమ్మవారు మనకందరకు ప్రసాదించుగాక! స్వస్తి.