కొలువు ఇక్కడ, నివాసం అక్కడ

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తిరుత్తణి తానున్న చోటు కదలకుండానే రాష్ట్రాలు మారిన ఊరు. డెబ్బై అయిదేళ్ల క్రిందట అది ఉమ్మడి మదరాసు రాష్ట్రంలో, చిత్తూరు జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలో చేరింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో భాగమైంది. పటాస్కర్ సూత్రాన్ని అనుసరించి పార్లమెంటు 1959లో చేసిన సరిహద్దుల మార్పు చట్టం వలన 1960 ఏప్రిల్ 1న తిరిగి మదరాసు రాష్ట్రానికి వచ్చింది. 1969లో ఆ రాష్ట్రం తమిళనాడు అయింది. 1997లో తిరువళ్లూరు జిల్లా ఏర్పడగా తిరుత్తణి అందులో చేరింది. ఇన్ని మార్పులలోనూ ఇల్లు కదలలేదు, పొలం కదలలేదు, ఇంటిలోని మాట మారలేదు. కాగితం మీది చిరునామా మాత్రం మారుతూ వచ్చింది.

నేటి యువతరం ముందు దీనికి సరిగ్గా ఎదురైన విచిత్రం ఒకటి నిలిచి ఉంది. ఊరు మారుతుంది, దేశం మారుతుంది, ఉద్యోగం మాత్రం మారదు. దీనికి వీలు కల్పించే అనుమతి పత్రాన్నే డిజిటల్ నోమాడ్ వీసా అంటున్నారు. పూర్వ విద్యార్థులలో కొందరు దీనిని గురించి ఆలోచిస్తున్నారు. తల్లిదండ్రులు పలువురు దీని పేరు విని ఆశపడుతున్నారు, కొందరు భయపడుతున్నారు. కనుక దాని స్వరూపాన్ని ఈ సభలో వివరించుకోవడం సముచితం.

2020లో కరోనా వ్యాధి ప్రబలి కార్యాలయాలు మూతపడ్డాయి. అంతవరకు తెల్లవారుజామున తిరుత్తణిలోనో తిరువళ్లూరులోనో ఎలక్ట్రిక్ రైలెక్కి చెన్నైకి పోయి, చీకటి పడ్డాక ఇల్లు చేరే కంప్యూటర్ ఉద్యోగులు మేడమీది గదిలో కూర్చొని అదే పని చేశారు. పని ఆగలేదు, జీతమూ ఆగలేదు. ఇంటి నుండి చేయగల పనిని మరొక దేశం నుండి ఎందుకు చేయరాదన్న ప్రశ్న అప్పుడు ప్రపంచమంతటా పుట్టింది. యాత్రికులు రాక ఆదాయం కోల్పోయిన దేశాలకు అది మంచి అవకాశంగా తోచింది. 2020లోనే బార్బడోస్ ద్వీపం, యూరప్‌లోని ఎస్టోనియా, ఆ వెనుక దుబాయి ఇటువంటి ఉద్యోగులకు తలుపులు తెరిచాయి. 2022లో పోర్చుగల్, మలేసియా ఆ బాట పట్టాయి. ఆ ఏడాది చివర స్పెయిన్ చట్టమే చేసింది. 2024లో జపాన్, దక్షిణ కొరియా, థాయిలాండ్ దేశాలు కూడా అనుమతులు ఇవ్వసాగాయి. దేశదిమ్మరి అన్న మాట తెలుగువారి ఇళ్లలో తిట్టుగా వాడుకలో ఉంది. అటువంటి సంచారికే నేడు ప్రభుత్వాలు ముద్ర వేసి ఆహ్వానం పంపుతున్నాయి.

అయితే ఈ అనుమతికి, మిగిలిన అనుమతులకు గల భేదాన్ని తెలుసుకోవాలి. యాత్రికుని వీసా చూచి రావడానికి ఇచ్చేది. దానితో సంపాదన సాగించడం చాలా దేశాలలో నేరం. ఉద్యోగ వీసా ఆ దేశంలోని ఒక యజమాని పిలుపు మీద వచ్చేది. ఈ మూడవది వేరు. దీనిని పొందినవాడు ఆ దేశంలో నివసించవచ్చు గాని, అతని జీతం ఆ దేశానికి వెలుపల నుండి రావాలి. అక్కడి కొలువులలో చేరడానికి ఇది అధికారం ఇవ్వదు. క్లుప్తంగా చెప్పాలంటే, ఈ వీసా ఎవరికీ ఉద్యోగం ఇవ్వదు. ఉద్యోగం ఉన్నవారికి ఉండడానికి చోటు ఇస్తుంది. నేటి ప్రసంగ సారాంశమంతా ఈ ఒక్క మాటలోనే ఉంది.

చెన్నపట్నం రేవు నుండి పూర్వం వెళ్లినవారి కథతో పోల్చి చూస్తే ఈ మార్పు తేటపడుతుంది. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ 342 మందితో దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. అది మదరాసు నుండి బయలుదేరిన ఓడ. తెలుగువారు, తమిళులు అందులో ఉన్నారు. వారు చెరకు తోటలలో అయిదేళ్లు ఊడిగం చేయడానికి ఒడంబడిక మీద వెళ్లినవారు. నాటి కాగితం మనిషిని అక్కడి యజమానికి కట్టివేసింది. నేటి కాగితం అక్కడి యజమాని దగ్గర చేరవద్దని చెబుతోంది. ఆ ఓడల చిట్టాలలో గుమాస్తాలు తమకు వినబడిన విధంగా పేర్లు వ్రాసుకొన్నారు. తరాలు గడిచినా ఆ వ్రాతలే నిలిచాయి. దక్షిణాఫ్రికాలో నాయుడు నేటికీ నాయిడూగానే పలుకుతున్నాడు. కాగితం మీద పడిన పేరు ఎంతకాలం వెంటాడుతుందో దీనివలన గ్రహించవచ్చు.

స్వదేశంలోనూ విదేశంలోనూ ఏకకాలంలో బాధ్యతలు వహించిన మహనీయునికి తిరుత్తణియే జన్మస్థలం. 1888 సెప్టెంబరు 5న ఇక్కడి తెలుగు కుటుంబంలో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1936 నుండి 1952 వరకు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి నిర్వహించారు. ఆ పదవిలో ఉండగానే 1939లో కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులయ్యారు. 1949లో మాస్కోలో భారత రాయబారి అయ్యారు. వారి ఇంటిపేరు నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి గ్రామాన్ని సూచిస్తుంది. గ్రంథాల మీద అది ఎస్. అనే పొడి అక్షరంగా కనిపించినా, పూర్తిగా కనిపించినా ఆయన ఎవరన్న సందేహం లోకానికి కలుగలేదు. సామాన్యునికి ఆ సౌకర్యం లేదు. నేటి పాస్‌పోర్టును చదివేది యంత్రం. దానికి అక్షరం అక్షరం కలవాలి.

ఇక దరఖాస్తు విషయం. దేశం మారితే నిబంధన మారుతుంది గాని, అడిగే విషయాలు సాధారణంగా ఒకే తీరులో ఉంటాయి. మొదటిది, తగినంత కాలం చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు. రెండవది, ఉద్యోగ ఒప్పందం, దానితోపాటు దూరాన ఉండి పనిచేయడానికి అంగీకరిస్తూ యాజమాన్యం ఇచ్చిన లేఖ. మూడవది, ఆదాయాన్ని రుజువు చేసే జీతపు చీటీలు, బ్యాంకు లెక్కలు. నాలుగవది, ఆ దేశంలో చెల్లే ఆరోగ్య బీమా. అయిదవది, నేరచరిత్ర లేదన్న పోలీసు ధ్రువపత్రం. విదేశాల కోసం దీనిని మన దేశంలో పాస్‌పోర్టు కార్యాలయం ద్వారా పొందవచ్చు. కొన్ని దేశాలు పట్టాలనూ, వివాహ ధ్రువపత్రాన్నీ అడుగుతాయి. వాటి మీద విదేశాంగ మంత్రిత్వ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర, హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాలకు సాధారణంగా సరిపోతుంది. భారతదేశానికి ఆ ఒప్పందం 2005 నుండి వర్తిస్తోంది. ఒప్పందంలో లేని దేశానికైతే ఆ దేశపు రాయబార కార్యాలయం ధ్రువీకరణ కూడా కావలసి వస్తుంది.

ఆదాయపు మెట్టు ఎంత ఎత్తున ఉందో తెలియక చాలామంది ఆశపడుతున్నారు. దుబాయి అనుమతికి నెలకు 3,500 అమెరికా డాలర్లు, అనగా సుమారు మూడు లక్షల రూపాయల ఆదాయం చూపాలి. మలేసియా అనుమతి ముఖ్యంగా కంప్యూటర్ రంగంవారికి ఉద్దేశించినది; వారు ఏడాదికి 24,000 డాలర్ల ఆదాయం చూపాలి. థాయిలాండ్ వీసా అయిదేళ్లు చెల్లుతుంది, ప్రవేశించినప్పుడల్లా 180 రోజులు ఉండనిస్తుంది. అయితే అయిదు లక్షల బాత్‌ల నిల్వ చూపమంటుంది. జపాన్ అనుమతి ఆరు నెలలకే. పైగా అది తాను ఎంచుకొన్న దేశాలవారికే ఇస్తోంది, ఆ పట్టికలో భారతదేశం లేదు. ఈ అంకెలను ప్రభుత్వాలు మార్చుతుంటాయి కనుక, దరఖాస్తు చేసేనాటి నిబంధనను ఆ దేశ ప్రభుత్వపు ప్రకటనలోనే చూచుకోవాలి. చదువు ముగించి మొదటి జీతం అందుకొన్న పిల్లవానికి ఈ మెట్టు అందదు. అందలేదని చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. కొన్నేళ్లు ఇక్కడే పనిలో నిలదొక్కుకొన్నవానికి ఏర్పడిన మార్గం ఇది.

యాజమాన్యానికి చెప్పకుండా వెళ్లి పనిచేయవచ్చుననుకోవడం పొరపాటు. ఖాతాదారుల రహస్యాలు దేశం దాటరాదన్న షరతు అనేక సంస్థలలో ఉంటుంది. దానిని మీరితే ఉన్న కొలువు పోతుంది, కొలువుతో పాటు వీసా ఆధారమూ పోతుంది. పన్ను మరొక చిక్కు. ఒక ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు గాని అంతకు మించి గాని భారతదేశంలో ఉన్నవారు ఇక్కడి నివాసులుగా లెక్కకు వస్తారు. ఇతర దేశాలలోనూ చాలావరకు 183 రోజుల వంటి గీత ఉంది. రెండు చోట్లా పన్ను పడకుండా దేశాల మధ్య ఒప్పందాలు ఉన్నా, అవి తమంతట తాము వచ్చి ఆదుకోవు. ఏయే రోజున ఏ దేశంలో ఉన్నదీ వ్రాసిపెట్టుకొని, బయలుదేరక ముందే ఆడిటరును సంప్రదించడం వివేకం.

ఇప్పుడు ఈ బడికి నేరుగా సంబంధించిన పేరు సంగతి. ఆంధ్ర సంప్రదాయంలో ఇంటిపేరు ముందు నిలుస్తుంది. తమిళనాట తండ్రి పేరులోని మొదటి అక్షరం నిలుస్తుంది. ఈ ప్రాంతపు తెలుగు కుటుంబాలలో రెండూ ఉన్నాయి. ఒకే ఇంట్లో అన్నకు ఇంటిపేరు పొడి అక్షరమైతే, తమ్మునికి తండ్రి పేరు పొడి అక్షరమవుతుంది. తెలుగులోని భాస్కరుడు తమిళ లిపి గుండా ఇంగ్లీషుకు చేరేసరికి ఒత్తు పోగొట్టుకొంటాడు. ఒక కాగితంలో హకారం ఉంటుంది, మరొకదానిలో ఉండదు. పాస్‌పోర్టులో పొడి అక్షరాలను విడదీసి పూర్తిగా వ్రాయాలి. అప్పుడు పదవ తరగతి పత్రంలో ఒక పేరు, పట్టాలో ఒకటి, బ్యాంకులో మరొకటి బయటపడతాయి. 2022 నవంబరులో దుబాయి తదితర ఎమిరేట్లు, పాస్‌పోర్టులో ఒకే పేరు ఉండి ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారిని సందర్శక వీసాపై రానివ్వబోమని ప్రకటించాయి. రెండవ పుటలో తండ్రి పేరు ఉంటే చాలునని తరువాత సడలించాయి. ఆ కొద్ది రోజులలో తమిళనాటి పేర్లు గలవారు ఎంత కలత చెంది ఉంటారో ఊహించవచ్చు.

ఈ చిక్కును విప్పడానికి తగిన చోటు బడిలో చేర్చుకొనే పుస్తకమే. బిడ్డ పేరు మూడు లిపులలోనూ ఒకేలా పలికేటట్లు, జనన ధ్రువపత్రంలో ఉన్నట్లే వ్రాయించాలి. 2023 అక్టోబరు 1న గాని ఆ తరువాత గాని పుట్టినవారికి పాస్‌పోర్టు కోసం పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రం ఒక్కటే ఆధారమని 2025లో నిబంధన వచ్చింది. ఆ బిడ్డలు త్వరలోనే ఈ గుమ్మం ఎక్కుతారు. ఇక పదవ తరగతి ఉత్తీర్ణత విలువ కూడా తల్లిదండ్రులు గుర్తించాలి. 1983 నాటి వలస చట్టం ప్రకారం, పదవ తరగతి దాటనివారు గల్ఫ్ దేశాలు, మలేసియా, థాయిలాండ్ మొదలైన 18 దేశాలకు కొలువు నిమిత్తం వెళ్లాలంటే సాధారణంగా ప్రభుత్వపు ముందస్తు అనుమతి పొందాలి. పదవ తరగతి పత్రం చూపినవారికి ఆ నిర్బంధం లేదు. ఆ పత్రానికి తెలుగు మాధ్యమంలో చదివినా అదే విలువ.

చివరగా ఒక హెచ్చరిక. 2022 సెప్టెంబరులో విదేశాంగ మంత్రిత్వ శాఖ దేశ యువతను అప్రమత్తం చేసింది. థాయిలాండ్‌లో డిజిటల్ ఉద్యోగాలని నమ్మించి, యాత్రికుల వీసాపై తీసుకుపోయి, అక్కడి నుండి మయన్మార్‌లోని మ్యావడ్డీ ప్రాంతానికి అక్రమంగా దాటించి, నిర్బంధించి మోసపు పనులు చేయించిన ముఠాల ఉదంతం అది. అలా చిక్కుకొని విడుదలై, అదే ఏడు అక్టోబరులో చెన్నై చేరుకొన్నవారిలో తమిళనాడు యువకులు ఉన్నారు. డిజిటల్ అన్న మాట రెండు చోట్లా ఒక్కటే కనుక భేదం చూపడం అవసరం. నిజమైన అనుమతి, ఉద్యోగం ఉన్నదా అని మొదట అడుగుతుంది. మోసగాడు, ఉద్యోగం నేనిస్తాను, నీవు రా అంటాడు. ఉద్యోగం లేని బిడ్డకు ఈ వీసా ఇప్పిస్తామని ఎవరైనా ఇంటికి వస్తే, ఆ మాట ఒక్కటే అతనిని పట్టిస్తుంది. విదేశీ కొలువు చూపేవారు ప్రభుత్వ నమోదు పొందినవారా కాదా అన్నది ఈ-మైగ్రేట్ పట్టికలో చూడవచ్చు. చెన్నైలోని వలసదారుల సంరక్షణాధికారి కార్యాలయంలో అడగవచ్చు.

కనుక తల్లిదండ్రులు చేయవలసినది పేరును, పత్రాలను సరిచూడడం. ఉపాధ్యాయులు చేయవలసినది చేర్చుకొనేనాడే అక్షరాలను జాగ్రత్తగా వ్రాయడం. వెళ్లి వచ్చిన పూర్వ విద్యార్థులు చేయవలసినది, వెళ్లదలచిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు తమ అనుభవాన్ని దాచకుండా చెప్పడం. ఏ దేశంలో కూర్చొని పనిచేసినా ఆ పనికి అర్హత సంపాదించేది ఇక్కడి బల్లల మీదనే. ఈ బడి బిడ్డలు ఏ దేశానికి వెళ్లినా తమ పేరు తప్పు లేకుండా వెళ్లాలని, క్షేమంగా తిరిగి రావాలని ఈ శుభసమయాన అందరూ ఆశీర్వదించెదరు గాక. స్వస్తి.