చంటిబిడ్డలతో చౌక విమానము

మా మనుమరాలి బరువు ఏడున్నర కిలోలు. చౌక విమానములో చేత పట్టుకొని పోదగిన సంచి బరువు 7 కిలోలు. సంచికి తలపైన ఒక అర ఉన్నది. మనుమరాలికి తల్లి ఒడి తప్ప వేరే చోటు లేదు. రెండేండ్లు నిండని బిడ్డకు సీటు ఉండదు. రుసుము మాత్రము ఉంటుంది. దాని ఉగ్గు గిన్నె, బొంతలు, డైపర్లు, మందు సీసాలు, ఇవన్నీ పెద్దవారి లెక్కలోనే సర్దుకోవలె.

నేను ముప్పది యేండ్లు హైస్కూలులో సామాన్యశాస్త్రము చెప్పినదానిని. ప్రతి నియమము వెనుక ఏదో ఒక కారణముంటుందని నమ్మే అలవాటు ఆ ఉద్యోగములో అబ్బినది. కిందటి పుష్యమాసములో, సంక్రాంతి వెళ్లిన వారము, మా అమ్మాయితోనూ ఇద్దరు పిల్లలతోనూ హైదరాబాదు నుండి ఢిల్లీకి విమానములో పోయినాను. ఆ నమ్మకము దారిలో కొంత నిలిచినది, కొంత సడలినది. ఆ సంగతులే మీతో ముచ్చటించదలచినాను.

మా అమ్మాయి ఢిల్లీలో ఉద్యోగము చేస్తున్నది. 2017లో చట్టము సవరించిన తరువాత మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతపు సెలవు వచ్చినది. దానికి తన ఆర్జిత సెలవు కొంత జతచేసి, మా యింట పురుడు పోసుకొని, చంటిదానికి ఏడవ నెల నడుస్తుండగా తిరుగు ప్రయాణము కట్టినది. సోమవారము ఉదయము పది గంటలకు ఆఫీసులో హాజరు కావలె. ఆమె సెలవులో ఉండగానే, “ఇద్దరు పిల్లల తల్లి, ఇక ఏమి వస్తుందిలే” అన్న మాట అక్కడ పుట్టినదట. ఆమెకు రావలసిన పెద్ద పని మరొకరి చేతికి పోవటానికి సిద్ధముగా ఉన్నదట. గనుక ఆ సోమవారము తప్పరాదు. రైలులో పోదామంటే ఒక పగలూ ఒక రాత్రీ పట్టును. పండుగ రద్దీలో బెర్తులు దొరకలేదు. విమానమైతే రెండుంబావు గంట. ఆదివారము సాయంకాలము 6 గంటల 40 నిమిషాలకు బయలుదేరే చౌక విమానానికి టిక్కెట్లు కొన్నాము. అమ్మాయికి, నాలుగేండ్ల పిల్లవానికి, చంటిదానికి ముందే కొన్నారు. నేను తోడు వెళ్లుట తరువాత నిశ్చయమైనది. నా టిక్కెట్టు పది దినాలు ఆలస్యముగా, విడిగా కొన్నాము. ఆ పది దినాల తేడా ఎంత పని చేసినదో ముందు ముందు చెబుతాను.

దూషించే ముందు చౌకదనము ఎట్లా వచ్చినదో చెప్పుకోవటము న్యాయము. మన దేశములో ఈ పద్ధతి 2003లో ఎయిర్ డెక్కనుతో ఆరంభమైనది. అంతకు చాలా ముందే, 1971లో, అమెరికాలోని టెక్సస్ రాష్ట్రములో సౌత్‌వెస్ట్ అనే సంస్థ విమానాలు నడుపనారంభించినది. మరుసటి యేడు డబ్బు చాలక, ఉన్న నాలుగు విమానాలలో ఒకదానిని అమ్ముకొన్నది. నాలుగింటి పని మూడింటితో జరగవలె. అందుకని దిగిన విమానాన్ని పది నిమిషాలలో తిరిగి ఎగిరించే ఏర్పాటు చేసినారు. నేల మీద నిలిచిన విమానము దమ్మిడీ సంపాదించదు. ఒకే రకము విమానము, ఒకే తరగతి, ఇరుకుగా పేర్చిన సీట్లు, విడిగా కొనుక్కొనే తిండి, ఈ త్వర, ఇవన్నీ కలిస్తే టిక్కెట్టు ధర దిగివచ్చును. నావంటి పింఛనుదారు ఢిల్లీకి ఆకాశమార్గాన పోగలిగినదంటే ఆ లెక్కల పుణ్యమే. ఐతే ఆ త్వరలో చంటిబిడ్డ ఇమడదు. పది నిమిషాలలో పాలు తాగి, త్రేన్చి, నిద్రపోయిన బిడ్డను నేనింతవరకు చూడలేదు.

మొదటి చిక్కు తూకము దగ్గర వచ్చినది. సీటున్న ప్రతివారికీ 15 కిలోల సామాను ఉచితము. మా ముగ్గురికీ కలిపి 45. మా పెట్టెలన్నీ కలిపి 44 కిలోలే తూగినవి. కాని అమ్మాయి పెట్టెలు రెండూ 33, నా పెట్టె 11. టిక్కెట్లు వేరు గనుక ఆమెకు మూడు కిలోల అదనపు రుసుము కట్టమన్నారు. కౌంటరులోని పిల్ల కసురుకొనలేదు. యంత్రము ఒప్పుకోదని మాత్రము అన్నది. ఇక చేసేదేమున్నది? అంతమంది నడుమ నేల మీద గొంతుక కూర్చుండి పెట్టె విప్పినాము. చంటిదాని గుడ్డలు, తన లోబట్టలు అందరి కళ్లబడుతుంటే మా అమ్మాయి ముఖము కందిపోయినది. ఆవకాయ జాడీని, బియ్యపు వడియాల డబ్బాను నా పెట్టెలోకి మార్చి మూడు కిలోలు తగ్గించినాము. ఆ సందడిలో పిల్లవాడు ఎక్కడికో పరుగెత్తినాడు. అవతలి వరుసలో ఒకరి సామాను బండి మీద ఎక్కి కూర్చున్నాడు. పెట్టెలు పోయేది ఒకే విమానపు కడుపులోకి. జాడీ నా పెట్టెలో ఉంటే విమానానికి తేలికా? ఈ నియమానికి కారణము నాకిప్పటికీ తట్టలేదు.

భద్రతా తనిఖీ దగ్గర మాత్రము నేను భయపడినంత జరగలేదు. పసిబిడ్డ పాలకూ ఆహారానికీ అక్కడ మినహాయింపు ఉన్నది. ఉగ్గు డబ్బా విప్పమన్నారు, వాసన చూచినారు, పొమ్మన్నారు.

గేటు దగ్గరికి చేరిన తరువాత ఆలస్యమన్నారు. ఢిల్లీలో పొద్దున పట్టిన మంచు వల్లనట. సాయంకాలపు విమానానికి ఉదయపు మంచు ఎట్లా అడ్డమని పక్కనున్నవారు విసుక్కొన్నారు. అది అబద్ధము కాదు. ఒకే విమానము దినానికి ఐదారు ఊళ్లు తిరుగుతుంది. తొలి ప్రయాణములో పోయిన రెండు గంటలను పూడ్చుకొనే వ్యవధి దానికెక్కడా ఉండదు. అప్పు మీద వడ్డీ వలె ఆలస్యము పెరుగుతూ సాయంకాలానికి మన నెత్తిన పడుతుంది. నా తగవు ఆలస్యముతో కాదు, దానిని చెప్పిన తీరుతో. మొదట ముప్పావు గంట అన్నారు. అది గడిచిన తరువాత మరొక ముప్పావు గంట. ఇట్లా వాయిదాల మీద 10 గంటల 20 నిమిషాలు చేసినారు. పెద్దవారికి ఏ మాటైనా ఒకటే. మూడున్నర గంటలని మొదటే తెలిస్తే తల్లి అయిన మనిషి బిడ్డకు కడుపునిండా పెట్టి, ఒక మూల బొంత పరచి నిద్రపుచ్చుతుంది. ఇప్పుడే పిలుస్తారు, ఇప్పుడే పిలుస్తారని ఆ నిద్ర ఆపుతూ వచ్చినాము. ఆపిన నిద్ర ఏడుపుగా మారుతుందని వేరే చెప్పనక్కరలేదు.

రెండున్నర గంటల లోపు ప్రయాణానికి రెండు గంటలు మించి ఆలస్యమైతే ఫలహారమియ్యవలెనని నియమమున్నది. ఇచ్చినారు కూడా: వేడినీళ్లు పోసుకొనే ఉప్మా డబ్బా, పండ్లరసము. ఏడు నెలల బిడ్డకు రెండూ పనికిరావు. నేను ఒక పూటకే ఉగ్గు కాచి తెచ్చినాను. పొడి ఉన్నది గాని కాచిన నీళ్లు లేవు. సంస్థ వారి బల్ల దగ్గర అడిగితే విమానము లోపల ఇస్తారన్నారు. ఆ విమానము అప్పటికి హైదరాబాదుకే రాలేదు. చివరకు టీ అంగడిలోని కుర్రవాడు గ్లాసెడు వేడినీళ్లు పోసి, డబ్బులివ్వబోతే వద్దన్నాడు.

ఇక సీట్ల సంగతి. సీటు ఎంచుకొనుటకు విడిగా డబ్బు పుచ్చుకోవటము ప్రభుత్వము అనుమతించినదే. అట్లా కట్టనివారిని యంత్రము తనకు తోచినచోట విసిరివేస్తుంది. తల్లి ఒకచోట, పసివాడొకచోట పడుతున్నారని మొరలు వచ్చినందువల్ల పౌర విమానయాన డైరెక్టరేటు జనరలు 2024 ఏప్రిలులో ఒక ఉత్తరువు చేసినది. 12 ఏండ్ల లోపు బిడ్డకు, అదే పీఎన్ఆర్ సంఖ్య మీద పోయే తల్లిదండ్రులలోగాని సంరక్షకులలోగాని కనీసము ఒకరి పక్కన సీటు ఇవ్వవలెను. ఆ ఉత్తరువు పుణ్యాన పిల్లవాడు తల్లి పక్కనే, తొమ్మిదవ వరుసలో పడినాడు. చంటిది ఒడిలో. వారికి సాయముగా బయలుదేరిన నేను 27వ వరుసలో, మధ్యసీటులో. నా పీఎన్ఆర్ వేరు గదా!

తొమ్మిదవ వరుసలో కిటికీ పక్క సీటు ఒక నలుబదేండ్ల పెద్దమనిషిది. సీటు మార్చుకొంటారా బాబూ అని అడిగినాను. “కిటికీ పక్కన కావాలని విడిగా డబ్బు కట్టినానండీ. మీది మధ్యసీటు,” అన్నాడు. ఆ క్షణాన నాకు ఒళ్లు మండినది. తరువాత ఆలోచిస్తే అతని తప్పేమీ కనబడలేదు. అతడు కొన్న వస్తువును నేను ఊరకే ఇమ్మన్నాను. పక్క పక్కన కూర్చోవలసినవారిని విడదీసి, కలుపుటకు వెల కట్టి, ఆ వెల కట్టనివారు కట్టినవారిని బతిమాలుకొనేటట్లు చేసినది వేరొకరు. వారు ఆ సమయాన అక్కడ లేరు. తగవు మా ఇద్దరికీ వచ్చినది.

పద్నాలుగవ వరుసలో ఒక సీటు ఖాళీగా కనబడినది. అమ్మాయి చంటిదానితో అక్కడికి పోతే, పిల్లవాని పక్కన నేను కూర్చుంటానని విమాన పరిచారికతో అన్నాను. ఆమె తల అడ్డముగా ఊపినది. ఆ వరుసలో అప్పటికే ఒడిబిడ్డతో ఒక తల్లి, ఆమె పక్కన మరొకరు ఉన్నారు. ప్రమాద సమయములో పైనుండి జారే ప్రాణవాయువు మాస్కులు మూడు సీట్లకు నాలుగే ఉంటాయట. మా తల్లీబిడ్డలు చేరితే ఊపిరితిత్తులు ఐదు జతలు, మాస్కులు నాలుగు. ఈ నియమము మీద నాకు లవలేశమైనా కోపము రాలేదు. కారణము తెలిసినది గనుక వెనుదిరిగినాను.

అంతలో తొమ్మిదవ వరుసలోనే, నడవకు ఇవతలి పక్కనున్న కాలేజీ కుర్రవాడు లేచినాడు. “ఆంటీ, మీరిక్కడ కూర్చోండి, నేను వెనక్కి పోతాను,” అన్నాడు. ఆ ఆంటీ అన్న పిలుపు మీద నాకు మొదటి నుండీ అభ్యంతరమే. ఆ రాత్రి లేకపోయినది. తరువాత తెలిసినది, అతడూ ఆ సీటుకు డబ్బు కట్టినవాడే.

విమానము దిగేటప్పుడు నేనొక పొరపాటు చేసినాను. శాస్త్రము చెప్పినదానిని, చేయకూడనిది. చెవినీ గొంతునూ కలుపుతూ ఒక సన్నని నాళమున్నది. వైద్యులు దానిని యుస్టేషియన్ నాళమంటారు. పైకి పోయిన తరువాత విమానములోని గాలి ఒత్తిడి ఆరేడు వేల అడుగుల కొండ మీదంత తక్కువగా ఉంటుంది. దిగేటప్పుడు మరల పెరుగుతుంది. ఆ నాళము తెరచుకొని లోపలి ఒత్తిడి సరిపడితే బాధ లేదు. పిల్లలలో అది మరీ సన్నగా, ఏటవాలు లేకుండా ఉంటుంది గనుక త్వరగా తెరచుకోదు. గుటక వేస్తే తెరచుకొంటుంది. అందుకే దిగేటప్పుడు చంటిబిడ్డకు పాలివ్వమంటారు. అమ్మాయి అట్లే చేసినది, చంటిది కిక్కురుమనలేదు. పిల్లవాడు మాత్రము ఎంతో పెనుగులాడి అప్పుడే నిద్రపోయినాడు. పాపము, లేపబుద్ధి పుట్టలేదు. నిద్రలో గుటకలు తగ్గిపోతాయని తెలిసీ లేపలేదు. నేలకు చేరుటకు ఇంక పావుగంట ఉన్నదనగా వాడు చెవి పట్టుకొని గావుకేక పెట్టినాడు. విమానమంతా మా వైపు తిరిగినది. సీటు పట్టీలు విప్పరాదు. నేను నడవ కివతల, వాడు అవతల. మా నీళ్ల సీసా ఖాళీ అయి ఎంతసేపైనదో! అప్పుడు ఆ కిటికీ పక్క పెద్దమనిషి, చెవులలోని తీగలు తీసివేసి, తన సీసా మూత విప్పి వాని నోటికి అందించినాడు. “తాగు నాన్నా, ఇంకొక గుక్క, ఇంకొక గుక్క,” అని లెక్కపెట్టుతూ తాగించినాడు. ఆరవ గుక్కకో ఏడవ గుక్కకో వాడు ఏడుపు మానినాడు. వింటున్న తల్లులకు నేను చెప్పగలిగినది ఇది: కిందికి దిగుతున్నామని ప్రకటించగానే, ఎంత జాలి వేసినా సరే, పిల్లలను లేపి ఏదైనా తాగించండి.

ఢిల్లీలో దిగేసరికి ఒంటిగంట కావచ్చినది. చంటిదాని తోపుడు బండిని విమానము తలుపు దగ్గర ఇస్తామన్నవారు సామాను పట్టా మీద, అన్నింటికంటె చివర పంపినారు. అంతదాకా ఒక భుజాన చంటిది, ఒక చేత పిల్లవాడు. ఇల్లు చేరినది రెండున్నరకు. తొమ్మిది గంటల యాభై నిమిషాలకు అమ్మాయి ఆఫీసులో తన బల్ల ముందు కూర్చున్నదని అల్లుడుగారు ఫోనులో చూపినారు. కళ్లు వాచి ఉన్నవి. చీర మాత్రము ఇస్త్రీ చెడలేదు. ఆ పెద్ద పని ఇంకా ఎవరికీ అప్పగించలేదట.

వేసవి సెలవులకు వస్తామని నిన్న ఆమె జాబు పెట్టినది. ఈసారి అందరికీ ఒకే పీఎన్ఆర్, నాలుగు సీట్లకూ పక్కపక్కన ఉండేటట్లు రుసుము కట్టి, సామానుకు మరొక ఐదు కిలోలు కొని లెక్క వేసినదట. భోజనముతో సహా మామూలు విమానముకంటె మూడువందల ఇరువది రూపాయలు తక్కువ. ఏది కొనమంటావమ్మా అని అడిగినది. కాగితము మీద నేనూ లెక్క వేస్తున్నాను; ఇంకా తేలలేదు.