పాముగుడ్లను పొదిగించే పెట్టె
(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము, పద్యపఠనము అయిన తరువాత పాముల ముచ్చట పెట్టడం బాగుంటుందా అని కార్యదర్శిగారిని అడిగాను. "ఈ వేసవిలో పునాది తవ్వించేవారూ, పాత గోడ కూల్చేవారూ మన సభ్యులలోనే ఉన్నారు, తప్పక చెప్పండి" అన్నారు. ఆ మాట నిజమే. వేసవి నడిమి నుంచి తొలకరి దాకా మన వైపు తాచులూ జెర్రిపోతులూ గుడ్లు పెట్టే కాలము. బెంగుళూరులో గడ్డపారలకు పని తగిలే కాలమూ అదే.

2024 జూన్ 12వ తేదీన మా క్వార్టర్ల వెనుక పాత ప్రహరీ గోడ పడగొడుతుంటే రాళ్ళ సందున 13 గుడ్లు బయటపడ్డాయి. తెల్లగా, బొటనవ్రేలికంటె కొంచెము పొడుగ్గా, ఒకదానికొకటి అంటుకొని ఉన్నాయి. రెండు అప్పటికే గడ్డపార తగిలి చితికినవి. తల్లిపాము కనబడలేదు. కూలీలలో పెద్దవాడు "కేరెహావు" అన్నాడు, అనగా మన జెర్రిపోతు. ఇంకొకడు "కాదు, నాగర" అన్నాడు. అటవీ శాఖకు ఫోను చేస్తే వారు అనుమతి గల పాములు పట్టే ఆయనను పంపించారు. ఆయన చూచి, గుడ్లు మాత్రం చూచి జాతిని ప్రమాణపూర్తిగా చెప్పలేనన్నాడు. ఆ చోటు మరునాటికి చదును కావలసి ఉన్నది కనుక గుడ్లను అక్కడే ఉంచడానికి వీలులేదు. శాఖవారి అనుమతి మీద ఆయన తన షెడ్డుకు తీసుకుపోయి పొదిగిస్తానన్నాడు. పెట్టె తయారుచేయడంలో నేను చేయి వేశాను. ఆ పనిలో నేర్చుకున్నదే ఇప్పుడు మీతో చెప్పబోతున్నది.

కోడిని పొదగవేయడం తెలియని తల్లి మనలో లేదు. ఆ తెలివే ఇక్కడ చేటు తెస్తుంది. కోడి దినమునకు ఎన్నోసార్లు గుడ్లను ముక్కుతో త్రిప్పుతుంది. త్రిప్పకపోతే పిండము పెంకుకు అంటుకొని చెడుతుంది. పాముగుడ్డు సంగతి దీనికి తలక్రిందులు. పెట్టిన ఒకటి రెండు రోజులలోనే పిండము గుడ్డు పైభాగాన లోపలి పొరను పట్టుకొని అక్కడే స్థిరపడుతుంది. ఆ తరువాత గుడ్డును దొర్లిస్తే పిండము సొన క్రిందికి పోయి నశించే ప్రమాదమున్నది. అందుచేత మొట్టమొదటి పని ప్రతి గుడ్డుకూ పైభాగాన మెత్తని పెన్సిలుతో ఒక గుర్తు పెట్టడం. ఇంకెక్కడికి మార్చినా ఆ గుర్తు ఆకాశం వైపే ఉండవలె. అంటుకున్న గుడ్లను విడదీయకూడదు. కడగకూడదు. ఎండలో పెట్టకూడదు. "పాపం, చలి వేస్తుందేమో" అని దీపము ప్రక్కన పెట్టినవారి గుడ్లు ఉడికిపోయిన సందర్భాలున్నవని ఆ పాములాయన చెప్పాడు.

రెండవ భేదము పెంకులో ఉన్నది. పాముగుడ్డు పెంకు తోలు వలె మెత్తన. నేలలోని తేమను పీల్చుకొని గుడ్డు ఉబ్బుతుంది, బరువెక్కుతుంది. కోడిగుడ్డు పొదిగే రోజులలో బరువు తగ్గుతుంది. కనుక పాముగుడ్డుకు వేడి ఎంత ముఖ్యమో తడి అంతకంటె ముఖ్యము. ఎండిన గుడ్డు నొక్కులు పడి కుంచించుకుపోతుంది. మరీ తడిస్తే బూజు పడుతుంది.

తల్లిపాము గుడ్లను పొదగదా అని అడుగుతారు. తాచు గుడ్ల దగ్గర కాపలా ఉంటుంది గాని ఒంటి వేడి ఇవ్వలేదు. ఇవ్వగలిగినది మన కొండచిలువ. గుడ్ల చుట్టూ చుట్టుకొని, కండరములను ఎగరవేస్తూ, చలిజ్వరము వచ్చినవాని వలె వణకి వేడి పుట్టిస్తుంది. 1841లోనే పారిస్ జంతుశాలలో వాలెన్‌సియెన్స్ అనే శాస్త్రజ్ఞుడు పొదుగుతున్న కొండచిలువ చుట్టలలో థర్మామీటరు పెట్టి చూచి ఈ వేడిని కనిపెట్టాడు. 1966లో అమెరికా శాస్త్రజ్ఞులు భారతదేశపు కొండచిలువ మీదనే లెక్కలు తీసి ఆ వణుకుకూ వేడికీ గల సంబంధమును నిరూపించారు. తక్కిన పాములు మంచి చోటు వెదకి గుడ్లు పెట్టి, మిగతా భారము భూమికి అప్పగిస్తాయి. మనము చేసే పెట్టె ఆ భూమికి బదులు.

ఇక పెట్టె. మందులు, చేపలు వచ్చే మందపాటి థర్మోకోల్ పెట్టె ఒకటి. అడుగున నాలుగు అంగుళముల నీరు. ఆ నీటిలో అలంకార చేపలవారు వాడే చిన్న హీటరు, తనంతట తాను వెలిగి ఆరిపోయే రకము. నీటిలో రెండు ఇటుకలు, వాటిపైన మూతగల ప్లాస్టిక్ డబ్బా. డబ్బాకు ప్రక్కన నాలుగైదు సన్నని బెజ్జములు. డబ్బాలో సగము దాకా వర్మిక్యులైట్. ఇది నర్సరీలలో కుండీలకు వాడే, పొరలు పొరలుగా విచ్చుకున్న తేలికపాటి ఖనిజము. దొరకనివారు కొబ్బరి పొట్టు వాడుతారు. దీనిని దాని తూకానికి సమానమైన నీటితో కలపవలె. పిడికిట పట్టి పిండితే ముద్ద కావలె, నీరు కారరాదు. అందులో గుడ్లను సగము వరకు పూడ్చి, థర్మామీటరు మొనను గుడ్ల ఎత్తునే ఉంచాము. పెట్టె మూతకు కట్టిన మొన పైగాలి వేడిని చెబుతుంది, గుడ్డు వేడిని కాదు.

వేడి 28 నుంచి 30 డిగ్రీల సెంటిగ్రేడు. ఇందులో బెంగుళూరు మనకు కొంత ఉపకారి. మూడువేల అడుగుల ఎత్తున ఉన్న ఊరు గనుక జూన్ రాత్రులు ఇరవై డిగ్రీల దగ్గరికి దిగుతాయి, పగలు మహా ఉంటే ముప్పై. ఇక్కడ వేడి చేర్చితే చాలు. ఇదే పెట్టె మే నెలలో నెల్లూరులో పెడితే వేడి తీసివేసే ఉపాయము వెదకవలె, అది చాలా కష్టము. కొద్దిగా చల్లబడితే పిల్ల ఆలస్యంగా వస్తుంది, అంతే. వేడి మించితే వెన్ను వంకరపోయిన పిల్ల వస్తుంది, లేదా రానే రాదు.

పెట్టెలో నాకు బాగా నచ్చిన తెలివి ఒకటి చెబుతాను. పై మూతను ఒక ప్రక్కకు వాలుగా అమర్చడం. లోపలి ఆవిరి మూతకు తగిలి బొట్లు కడుతుంది. మూత సమంగా ఉంటే ఆ బొట్లు తిన్నగా క్రిందనున్న డబ్బా మీద పడి, దాని మూత సందులగుండా గుడ్లకు చేరుతాయి. వాలుగా ఉంటే జారి గోడ వెంట మళ్ళీ నీటిలోనే కలుస్తాయి. పైసా ఖర్చు లేదు. బల్బుకంటె నీటి హీటరు మేలనడానికి కారణము కూడా ఆ నెలలోనే కనబడింది. ఒక రాత్రి నాలుగు గంటలు కరెంటు లేదు. నీరు వేడిని తొందరగా విడువదు గనుక 29 నుంచి 27న్నరకు మాత్రమే దిగింది. రోజుకు మూడుసార్లు వేడి వ్రాయడానికి నేను ఒక గీతల పుస్తకము పెట్టాను. గుమాస్తా బుద్ధి పాముల దగ్గర కూడా పోదు మరి.

ఇంత జరుగుతుంటే మా వీధిలో ఊరుకున్నారనుకోకండి. అందరమూ అత్తయ్యగారని పిలిచే ఒక పెద్దావిడ నన్ను నిలదీసింది. "నాయనా, పుట్టలో పాలు పోస్తాము నిజమే. అంతమాత్రాన పెట్టెలో పెట్టి పెంచి పసిపిల్లల మధ్య వదులుతావా?" అన్నది. ఆమె అన్నగారు చిత్తూరు జిల్లాలో చెరకుతోటలో పాము కాటుకు పోయాడు. ఆ ప్రశ్నను తేలికగా తీసివేయకూడదు. 2000 నుంచి 2019 వరకు మన దేశములో పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది మరణించారని 2020లో వెలువడిన పరిశోధన చెబుతున్నది. ఆ బాధ ఎక్కువగా ఉన్న రాష్ట్రములలో తెలంగాణతో కలిసిన ఆంధ్రదేశమూ ఉన్నది.

నేను ఆమెకు మూడు మాటలు చెప్పాను. గుడ్లు మన వాడలో లేవు. పిల్లలను ఎక్కడ విడువవలెనో అటవీ శాఖవారు చెబుతారు, అది ఇళ్ళ మధ్య కాదు. మూడవది, మనుష్యులను ఎక్కువగా పొట్టన పెట్టుకునే రక్తపింజరి గుడ్లు పెట్టనే పెట్టదు, పిల్లలనే కంటుంది. కనుక గోడలో దొరికిన గుడ్డు ఏదైనా కావచ్చును గాని రక్తపింజరిది మాత్రం కాదు. "తాచుది కావచ్చును గదా" అన్నది. కావచ్చునన్నాను. తాచుపిల్ల పుట్టిన గడియ నుంచే విషము గలది. ఆమె తృప్తి పడలేదు, పడవలసిన అవసరమూ లేదు. కాని ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రమూ "ఏమయింది?" అని అడిగేది.

పదకొండింటిలో రెండు మొదటి పక్షములోనే పసుపు తిరిగి బూజు పట్టాయి. గోడ కూలినప్పుడే దొర్లినవని పాములాయన అనుకున్నాడు. తక్కినవి ఉబ్బి తెల్లగా నిలిచాయి. చీకట్లో, గుడ్డును కదపకుండా, ప్రక్క నుంచి టార్చి వేస్తే లోపల ఎర్రని నరములు కనబడేవి. పెట్టెలో పెట్టిన 49వ నాడు, జూలై 31న, ఒక గుడ్డు మీద కత్తితో గీసినట్లు చీలిక కనబడింది. పిల్ల మూతి కొసను ఒక చిన్న పన్ను ఉంటుంది. పెంకు చీల్చడానికే అది, తరువాత రాలిపోతుంది. చీలికలో నుంచి తల బయట పెట్టి, మిగిలిన సొనను ఒంట్లోకి పీల్చుకుంటూ పిల్ల ఒక పగలూ రాత్రీ అట్లాగే ఉండిపోయింది. ఆ సమయములో లాగి సాయము చేయబోతే చంపినట్లే. పెద్ద గుండ్రని కన్ను, సన్నని మెడ. పడగ లేదు. జెర్రిపోతు! విషము లేనిది, ఎలుకలను తినేది. మూడు రోజులలో తొమ్మిదీ వచ్చాయి. ఒక్కొక్కటి మూరెడుకు కొంచెము తక్కువ. మొదటి చీలిక కనబడిన తొమ్మిది రోజులకు కన్నడిగుల నాగర పంచమి. ఆ దినాన నేల త్రవ్వరాదని ఇక్కడివారి ఆచారము. గుడ్లు పగిలి పిల్లలు వచ్చే కాలములో ఆ నియమము పడడం నాకు ఆశ్చర్యముగా ఉన్నది. మన నాగుల చవితి కార్తికంలో వచ్చేసరికి పిల్లలు ఎప్పుడో దారి పట్టి ఉంటాయి.

ఈ పెట్టె ఇంట్లో చేసుకోవచ్చునా అని ఒక కుర్రవాడు ఇందాక అడిగాడు. చేయడం సులువు, ఉంచుకోవడానికి హక్కు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములో జంతువు అంటే దాని గుడ్డు కూడా. ప్రాకే జంతువుల గుడ్లను చెరచడం వేట క్రిందికే వస్తుంది. 2022లో చేసి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు చేసిన సవరణతో తాచు, జెర్రిపోతు మొదటి షెడ్యూలుకు ఎక్కాయి, అనగా పులితో సమానమైన రక్షణ. అసలు పెట్టెకంటె ఉన్నచోటే మేలు. మన తూర్పు కనుమలలో రాచనాగు ఆకులు ప్రోగుచేసి గూడు కడుతుంది. అక్కడి గ్రామస్థులను ఒప్పించి ఆ గూళ్ళను కదపకుండా కాపలా కాసే పని కొందరు చేస్తున్నారు.

కాబట్టి గోడలో గుడ్లు దొరికితే పని ఆపించండి. ముందు చూడవలసినది, చిన్నగా గుండ్రంగా గట్టి పెంకుతో ఉంటే అవి బల్లిగుడ్లు, వదిలేయండి. మెత్తని పెంకు అయితే తల్లి దగ్గరలో ఉండవచ్చు, చేయి పెట్టవద్దు. రాయి మళ్ళీ నీడగా అడ్డం పెట్టి, పిల్లలను దూరంగా పంపి, కర్ణాటక అటవీ శాఖ సహాయవాణి 1926కు ఫోను చేయండి. గుర్తులు పెట్టడం, ఎత్తడం వచ్చినవారి పని. కన్నడము రానివారు "హావిన మొట్టె" అంటే చాలు, పాముగుడ్లని వారికి అర్థమవుతుంది.

పెట్టె ఇప్పటికీ ఆ షెడ్డులోనే ఉన్నది. హీటరు మార్చాలి. ఈ జూన్‌కు ముందే మార్చవలెనని పాములాయన కబురు పెట్టాడు. సెలవు.